నీళ్ల మీద ఓ కన్నేసి

కోల్‌కతా నడిబొడ్డు చెరువులు తరతరాలుగా నగరానికి ఈత నేర్పుతున్నాయి. ఈత వచ్చినంత మాత్రాన ప్రాణానికి పూచీ లేదన్న పాఠమూ అవే నేర్పాయి.

కోల్‌కతాలో పుస్తకాల కోసం కాలేజ్ స్ట్రీట్‌కు వచ్చేవారు దుకాణాలు తెరిచే వేళకు వస్తారు. ఈత కోసం వచ్చేవారి పని అప్పటికే పూర్తయి ఉంటుంది. వేసవిలో పొద్దు పొడుస్తూనే కాలేజ్ స్క్వేర్ గట్టు మీద సందడి మొదలవుతుంది. నెత్తిన రబ్బరు టోపీ, నుదుట గాగుల్స్, భుజాన తువ్వాలుతో పిల్లలు. వారి వెనకే ఒక చేత్తో స్కూలు సంచి, మరో చేత్తో టిఫిన్ డబ్బా పట్టుకుని తల్లులు. అందరికంటే ముందే వచ్చి బెంచీలు ఆక్రమించిన పెన్షనర్లు. ఇక ఈలలు, కేకలు, నీళ్ల చప్పుడు.

చుట్టూ ఉన్నవన్నీ చదువుల చిరునామాలే. ప్రెసిడెన్సీ యూనివర్సిటీ, కలకత్తా యూనివర్సిటీ, సంస్కృత కళాశాల, మెడికల్ కాలేజీ, కాఫీ హౌస్ అన్నీ నాలుగడుగుల దూరంలోనే. వాటి మధ్య ఈ చెరువు. బెంగాలీలు దీన్ని గోలదిఘి అంటారు. గోల్ అంటే గుండ్రం, దిఘి అంటే పెద్ద చెరువు. నిజానికి అది గుండ్రంగా లేదు, నలుచదరంగా ఉంది. ఆ సంగతి ఎవరికీ పట్టదు. పక్క వీధిలో 1918 నాటి పారమౌంట్ షర్బత్ దుకాణం ఉంది. ఈది అలసిన కుర్రాళ్లకైనా, పుస్తకాలు బేరమాడి అలసిన పెద్దలకైనా అక్కడి కొబ్బరినీళ్ల షర్బత్తే సేద తీరుస్తుంది.

స్విమ్మింగ్ పూల్ అనగానే కళ్ల ముందు మెదిలే నీలిరంగు పలకలు, అడుగున నల్ల గీతలు ఇక్కడ ఉండవు. ఇది అచ్చమైన చెరువు. నీళ్లు ఆకుపచ్చగా ఉంటాయి. అడుగు కనిపించదు. చెరువు నగరపాలక సంస్థది, ఈత నేర్పే బాధ్యత గట్టున వెలసిన క్లబ్బులది. ఇక్కడి నుంచి ఉత్తరంగా బిధాన్ సరణి మీద కాస్త దూరం నడిస్తే బేథ్యూన్ కాలేజీ, స్కాటిష్ చర్చ్ కాలేజీల పొరుగున హెదువా వస్తుంది. అక్కడా ఇదే ఏర్పాటు. చలికాలం నిద్రపోయి ఎండలతో పాటు మేలుకునే ఈ క్లబ్బుల్లో పెద్ద పెద్ద హోటళ్ల మెట్లు ఎక్కలేని ఇళ్ల పిల్లలు కూడా ఈత నేర్చుకుంటారు. ఊళ్లో చెరువుండడం వేరు, ఆ చెరువు అందరిదీ కావడం వేరు. ఆ తేడా కోల్‌కతాకు బాగా తెలుసు.

ఆ తేడా ఫలితం కూడా చిన్నదేమీ కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో స్వర్ణం గెలిచిన సచిన్ నాగ్ ఈ నగరం ఈతగాడే. 1958లో ఇంగ్లిష్ ఛానల్‌ను ఈదిన తొలి భారతీయుడు, న్యాయవాది మిహిర్ సేన్‌దీ ఈ నగరమే. అదే ఏడాది ఆయనకు కొద్ది వారాల ముందు ఢాకాకు చెందిన బ్రజేన్ దాస్ ఆ ఘనత సాధించి, ఛానల్‌ను జయించిన తొలి ఆసియా వాసిగా పేరు తెచ్చుకున్నారు. ఆ మరుసటి సంవత్సరం, 1959 సెప్టెంబర్ 29న, ఉత్తర కోల్‌కతా అమ్మాయి ఆరతి సాహా ఛానల్ దాటిన తొలి ఆసియా మహిళ అయ్యారు. అంతకు నెల ముందు చేసిన తొలి ప్రయత్నం విఫలమైనా ఆమె ఆగలేదు. 11 ఏళ్ల వయసులోనే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఈదిన ఆమెకు 1960లో పద్మశ్రీ దక్కింది. పేదింటి పిల్లనూ, పట్టు వదలని ఈత శిక్షకుడినీ కథానాయకులుగా చేసుకుని మతి నందీ రాసిన 'కోనీ' నవల సినిమాగా వచ్చి, ఆ శిక్షకుడి పాత్రలో సౌమిత్ర ఛటర్జీ ఇంటింటికీ పరిచయమయ్యారంటే ఈత ఇక్కడి జీవితంలో ఎంతగా కలిసిపోయిందో అర్థమవుతుంది.

నిశ్శబ్దంగా వచ్చే చావు

అలాంటి నగరానికి 2017లో పెద్ద దెబ్బే తగిలింది. కాలేజ్ స్క్వేర్‌లో ఈతలో ఏళ్ల అనుభవమున్న ఒక పెద్దాయన నీళ్లలోకి దిగి తిరిగి రాలేదు. గంటలకొద్దీ వెతికాక మర్నాడు ఆయన మృతదేహం దొరికింది. కొత్తగా నేర్చుకునేవారి కోసం నీటి అడుగున వేసిన వేదిక కింద అది ఇరుక్కుపోయి ఉంది. మునిగినవాడు ఈత రానివాడు కాదు. స్థలం కొత్తదీ కాదు. చుట్టూ మనుషులు లేకా కాదు. నీళ్ల అడుగున ఏముందో, నీళ్లలోకి దిగినవారు ఎందరో, బయటికి వచ్చినవారు ఎందరో లెక్క చూసుకునే పద్ధతి ఎంత గట్టిగా ఉందన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది.

మునిగిపోతున్న మనిషిని గుర్తుపట్టడం అనుకున్నంత సులువు కాదు. సినిమాల్లో చూపినట్టు చేతులు ఊపుతూ, రక్షించండంటూ కేకలు వేస్తూ ఎవరూ మునగరు. కేక వేయాలంటే ముందు ఊపిరి కావాలి. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ పోతున్న మనిషికి ఊపిరి తీసుకోవడానికే వ్యవధి చాలదు. చేతులు పైకి లేవవు. నీటిని కిందికి అదిమి తలను పైకి తెచ్చుకోవాలని వాటంతటవే తంటాలు పడతాయి. శరీరం నిలువుగా ఉంటుంది, కాళ్లు ఆడవు, తల వెనక్కి వాలుతుంది, చూపు ఎటో ఉంటుంది. చూసేవారికి మాత్రం నీళ్లలో నిలబడి ఆకాశం చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఇదంతా 20 సెకన్ల నుంచి నిమిషం లోపు ముగిసిపోతుంది. గట్టు మీద ఫోన్‌లో ఒక మెసేజ్ చదివి జవాబిచ్చేందుకు అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది.

అందుకే అల్లరి చేస్తున్న పిల్లవాడి కంటే ఉన్నట్టుండి అల్లరి మానిన పిల్లవాడి గురించి ముందు కంగారు పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అంటే గంటకు 30 మందికి పైనే. వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ల లోపు పిల్లలు. భారత్‌లో జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2021, 2022 సంవత్సరాల్లో ఏటా 36 వేలకు పైగా ఇలాంటి మరణాలు నమోదయ్యాయి.

గాలివాన కబురు

కోల్‌కతా వేసవికి మరో ముఖం కూడా ఉంది. అది కాలబైశాఖి. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఉడికించిన ఎండ సాయంత్రానికి ఒక్కసారిగా నల్లబడి, ఈదురుగాలి, ఉరుములు, వానగా విరుచుకుపడుతుంది. ఎండకు మాడిన నగరం దాని కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తుంది. నీళ్లలో ఉన్నవారికి మాత్రం అదే గండం.

దక్షిణ కోల్‌కతాలోని రవీంద్ర సరోవర్ 1920లలో తవ్వించిన పెద్ద సరస్సు. గట్టు వెంట పడవ పందేల క్లబ్బులు, ఈత కొలనులు ఉన్నాయి. ఒకప్పుడు అండర్సన్ క్లబ్ పేరుతో నడిచిన ఇండియన్ లైఫ్ సేవింగ్ సొసైటీ కూడా ఇక్కడిదే. ప్రాణాలు కాపాడే విద్య నేర్పడానికే పుట్టిన సంస్థ పొరుగున ఉన్న ఈ సరస్సులోనే 2022 మే 21న, పడవ పందేనికి సాధన చేస్తున్న ఇద్దరు బడి పిల్లలు గాలివానకు పడవ తిరగబడి చనిపోయారు. సాధన చేసే పడవల వెంట రక్షణ పడవ ఎందుకు లేదన్న ప్రశ్న ఆ తర్వాత చాలా రోజులు నగరాన్ని వెంటాడింది.

గాలివాన చెప్పి రాదనుకోవడం పొరపాటు. ఆకాశం నల్లబడినప్పుడు, తొలి ఉరుము వినిపించినప్పుడు అది చెప్పినట్టే. ఉరుము వినబడితే పిడుగు పడేంత దగ్గరలోనే మేఘం ఉందని అర్థం. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా చెరువులోనైనా, పైకప్పు లేని పూల్‌లోనైనా దిగకూడదన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. డబ్బు కట్టాం కదా, ఇంకో పది నిమిషాలు ఈదుదామనే బేరం పిడుగుతో కుదరదు.

బెండ్ల నుంచి నీలి పలకల దాకా

తెలుగువారి ఈత బడి వేరు. తాత తరం దిగుడుబావిలోనో, ఊరి చెరువులోనో నడుముకు ఎండిన సొరకాయ బుర్రలో, జీలుగు బెండ్లో కట్టుకుని నేర్చుకుంది. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలు, లారీ ట్యూబులు వచ్చాయి. అప్పట్లో బావి గట్టున అన్నయ్యో, బాబాయో కూర్చుని తాడు చివర పట్టుకునేవాడు. బెండు కంటే ఆ తాడు పట్టిన చెయ్యే అసలు రక్ష.

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో అపార్ట్‌మెంట్ ప్రకటనల్లో స్విమ్మింగ్ పూల్ బొమ్మ తప్పనిసరి. వారాంతపు ఫాంహౌస్‌లలోనూ అదే ఆకర్షణ. బావి పోయి నీలి పలకలు వచ్చాయి గానీ తాడు పట్టుకునే బాబాయి స్థానం చాలాచోట్ల ఖాళీగానే ఉంది. వాచ్‌మన్ ఉన్నాడు కదా అనుకుంటారు. గేటు కాసే వాచ్‌మన్‌కు ఈత వచ్చో రాదో అడిగేవారుండరు. పదిమంది పెద్దలున్న విందులోనే పసివాడు ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. ఎవరో ఒకరు చూస్తున్నారని ప్రతి ఒక్కరూ అనుకుంటారు, చివరికి ఎవరూ చూడరు. దానికి మందు సులువైనదే. ఫలానా 15 నిమిషాలు పిల్లల్ని చూడాల్సింది ఫలానా వారని పేరు పెట్టి చెప్పుకోవడం. ఆ 15 నిమిషాలు ఆ మనిషికి ఫోన్ ఉండదు, కబుర్లు ఉండవు, మందు గ్లాసు అసలే ఉండదు. ఈత సరిగా రాని పిల్లల వెంట పెద్దవారు నీళ్లలోనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆట వస్తువులే తప్ప లైఫ్ జాకెట్లు కావు.

పూల్ చేసే మోసాలు కొన్ని కంటికి తెలియవు. నీళ్లలోకి పైనుంచి చూస్తే అడుగు ఉన్నచోటు కంటే పైకి కనిపిస్తుంది. 8 అడుగుల లోతు దాదాపు 6 అడుగులే అనిపిస్తుంది. గట్టు మీది అంకెను నమ్మాలి, కంటిని కాదు. లోతు తెలియని చోట తల ముందుగా దూకితే మెడ ఎముకలు విరిగి జన్మంతా మంచాన పడాల్సి వస్తుంది. నీళ్ల అడుగున ఎక్కువసేపు ఉండే పందెం మరో ఉచ్చు. దిగేముందు గబగబా గట్టిగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తహతహ పుట్టించేది అదే. ఆ తహతహ రాకముందే ఆక్సిజన్ అయిపోయి, మంచి ఈతగాడు సైతం నీటి అడుగునే స్పృహ తప్పుతాడు. నీళ్లు బయటికి పోయే తూము మీద జాలీ ఊడిపోయినా, పగిలినా ఆ పూల్‌లో దిగకపోవడమే మంచిది. ఆ లాగుడుకు జుట్టు చిక్కుకుంటే విడిపించడం కష్టం. తెగిన వైరు, తడిసిన స్విచ్చు బోర్డు కనిపించినా అంతే.

నీళ్ల సంగతీ చూసుకోవాలి. ఘాటైన క్లోరిన్ వాసన వస్తే పూల్ శుభ్రంగా ఉందని చాలామంది మురిసిపోతారు. ఆ ఘాటు క్లోరిన్‌కు చెమట, మూత్రం తోడైనప్పుడు పుట్టే రసాయనాలది. కళ్లు ఎర్రబడడానికీ అవే కారణం. ఈతకు ముందు స్నానం చేయమనే బోర్డు అందుకే. చెరువు అయినా పూల్ అయినా అడుగు కనిపించనప్పుడు మునిగిన మనిషీ కనిపించడని గుర్తుంచుకోవాలి. 2024లో కేరళలో చెరువుల్లో స్నానం చేసిన కొందరు పిల్లలు ముక్కు ద్వారా మెదడుకు చేరే అమీబా సోకి మరణించారు. వేసవిలో వేడెక్కిన, కదలిక లేని, శుద్ధి చేయని నీళ్లలో తల ముంచకపోవడం, ముక్కుకు క్లిప్ పెట్టుకోవడం అక్కడ నేర్చుకున్న జాగ్రత్తలు.

పూల్‌లో నేర్చిన ఈత నదికి చాలదన్నది మరో చేదు నిజం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ ప్రవాహం ముందు ఎంతటి గజ ఈతగాడైనా గడ్డిపోచే. అక్కడ లోపించింది విద్యార్థుల ఈత కాదు, నీళ్లు వస్తున్నాయని ఒడ్డుకు చేరాల్సిన హెచ్చరిక.

కొంగు చాటు పిల్లలు

నీటికి హెచ్చరిక, కాపలా ఎంత అవసరమో తెలుసుకోవాలంటే కోల్‌కతా నుంచి దక్షిణంగా కొన్ని గంటలు ప్రయాణించి సుందర్‌బన్స్ పల్లెలకు వెళ్లాలి. అక్కడ ఇల్లు ఎత్తుగా కట్టుకోవడానికి మట్టి తవ్వుతారు. తవ్విన గుంతే చెరువవుతుంది. స్నానం, గిన్నెలు, చేపలు అన్నిటికీ అదే. వాకిటికీ నీళ్లకూ మధ్య దూరం పసివాడి పాతిక అడుగులు కూడా ఉండదు. చైల్డ్ ఇన్ నీడ్ ఇన్‌స్టిట్యూట్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేసిన సర్వేలో ఈ ప్రాంతంలో ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో ప్రతి లక్షకూ ఏటా సుమారు 244 మంది మునిగి చనిపోతున్నట్టు తేలింది. తల్లి పొయ్యి దగ్గరో, పొలంలోనో, పీతలు పట్టే పనిలోనో ఉన్న పగటి వేళే ఈ మరణాలకు అనువైన సమయం.

ఇదే డెల్టా, ఇవే చెరువులున్న బంగ్లాదేశ్ దీనికి ఓ విరుగుడు కనిపెట్టింది. ఊళ్లోనే ఒక ఇంట్లో, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా పసిపిల్లలందరినీ ఒకచోట చేర్చి, ఊరి మహిళకే శిక్షణ ఇచ్చి చూసుకోమన్నారు. ఆ కేంద్రాల పేరు ఆంచల్. అంటే చీర కొంగు. కాస్త పెద్ద పిల్లలకు ఊరి చెరువులోనే వెదురుతో వేదిక కట్టి ఈత నేర్పారు. 25 మీటర్లు ఈదడం, అర నిమిషం తేలి ఉండడం, మునిగేవాడికి ఒడ్డు నుంచే చేయూతనివ్వడం ఆ పాఠాలు. 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఆంచల్ పిల్లల్లో మునక మరణాలు 80 శాతానికి పైగా, ఈత నేర్చిన పిల్లల్లో 90 శాతానికి పైగా తగ్గాయి. 2022లో బంగ్లాదేశ్ ప్రభుత్వం 16 జిల్లాల్లో 8,000 కేంద్రాల పథకాన్ని ఆమోదించింది. బంగ్లాదేశ్, ఐర్లండ్‌ల చొరవతో 2021 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసి జులై 25ను ప్రపంచ మునక నివారణ దినంగా ప్రకటించింది. భారత ఆరోగ్య శాఖ 2023 డిసెంబర్‌లో మునక నివారణకు ఒక వ్యూహపత్రం విడుదల చేసింది. కాగితం మీదున్న దాన్ని చెరువు గట్టు దాకా తేవాల్సింది మాత్రం పంచాయతీలు, పురపాలక సంఘాలే.

కొంగుకు మరో ఉపయోగమూ ఉంది. 2020 ఆగస్టులో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట వద్ద నలుగురు కుర్రాళ్లు మునిగిపోతుంటే అక్కడున్న మహిళలు ఒంటి మీది చీరలు విప్పి విసిరి ఇద్దరిని బయటికి లాగారు. తమిళనాడు ప్రభుత్వం వారిని కల్పనా చావ్లా అవార్డుతో గౌరవించింది. రక్షణలో మొదటి సూత్రం అదే. మునిగేవాడి కోసం వెంటనే దూకకూడదు. అతడు ప్రాణభయంతో రక్షించవచ్చినవాడి మీదే ఎక్కుతాడు. ఇద్దరూ పోతారు. కర్ర, తాడు, తువ్వాలు, చీర, ఖాళీ క్యాన్ ఏదైనా సరే ముందు అందించాలి, లేదా విసరాలి.

బయటికి తీశాక పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించడం, పిల్లవాణ్ని తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం పల్లెల్లో ఇప్పటికీ ఉన్న అలవాట్లు. వీటితో పోయేది అమూల్యమైన సమయమే. కక్కిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం కూడా ఉంది. మునిగినవాడికి కావలసింది గాలి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో అయిదుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదాలి. 108 అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకువెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు గంటల తర్వాత కూడా ఆయాసం తేవచ్చు.

ఈ విద్యకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. పూల్ గట్టున ఓ పొడవాటి కర్ర, తాడు కట్టిన ట్యూబు, ఊపిరి ఊదడం నేర్చిన ఒక మనిషి, చుట్టూ పిల్లలకు అందని గడియ ఉన్న కంచె చాలు. టికెట్ అమ్మే ప్రతి పూల్ వద్దా, ప్రతి అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలోనూ పిల్లల తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న కూడా ఒక్కటే. నీళ్లు ఎంత లోతన్నది కాదు, ఈ వేళ నీళ్లను చూస్తున్నది ఎవరని. ఆ ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా రాకపోతే తువ్వాలు భుజాన వేసుకుని పిల్లల్ని ఇంటికి తీసుకుపోవడమే మేలు.